డిస్కుంది.. డ్రైవేదీ?

మన ఫీల్డులో ఓ అలవాటుంది. ఏదైనా కాస్త పాతబడగానే దానికి "లెగసీ" అని ముద్దుపేరు పెట్టి ఓ మూలన పడేస్తాం. కోడైతే ఫరవాలేదు, ఏదో రిపాజిటరీలో పడుంటుంది, ఎప్పుడో ఎవరో తవ్వితీసి మనల్ని నాలుగు తిట్టుకుని మళ్ళీ కంపైల్ చేసుకుంటారు. కానీ ఇనుమూ, రబ్బరూ, ప్లాస్టిక్కూ కలిపి చేసిన వస్తువు సంగతి అలా కాదు. దాన్ని మూలన పడేస్తే తుప్పు పడుతుంది, ఎండిపోతుంది, ఒక్కోసారి కరిగి జిగురైపోతుంది కూడా.

తాటాకు గ్రంథం చదవాలంటే ఏం కావాలి? కళ్ళూ, కాస్త వెలుగూ, లిపి తెలిసిన బుర్రా. అంతే. రాసినాయన వాడిన గంటం ఇప్పుడెక్కడుందని ఎవరూ వెతకరు. డిస్కు అలా కాదు. డిస్కు మీద రాత ఎంత పదిలంగా ఉన్నా, దాన్ని రాసిన జాతి యంత్రమే మళ్ళీ వచ్చి చదవాలి. ఆ యంత్రంలో ఒక్క హెడ్డు పోయినా, ఒక్క పళ్ళచక్రం విరిగినా మీ చేతిలో ఉన్నది పుస్తకం కాదు, ప్లాస్టిక్ బిళ్ళ. అందుకే ప్రపంచంలో కొంతమంది పాత కంప్యూటర్ల డ్రైవుల విడిభాగాల కోసం పిచ్చిపట్టినట్టు తిరుగుతుంటారు. ఇంత చిన్న బెల్టు కోసం, పళ్ళూడిన ఓ గేర్ కోసం, ఓ పవర్ ఎడాప్టర్ కోసం. వీళ్ళని చూసి నేనూ మొదట్లో "పనిలేని మంగలి.." అనే అనుకున్నాను. తరవాత నా అవసరం నన్నూ ఆ గుంపులోకి తోసింది. ఆ కథ కాస్త ఆగి చెప్తాను. ముందు అసలు ఈ భాగాలు ఎందుకు దొరకవో చూద్దాం, ఎందుకంటే ఒక్కోదానిది ఒక్కో చరిత్ర.

1980ల మొదట్లో హార్డ్ డిస్కు అంటే ఐదు, పది మెగాబైట్లు. ఫ్లాపీ అంటే కొన్ని వందల కిలోబైట్లు. హార్డ్ డిస్కంత చోటూ ఉండాలి, ఫ్లాపీలా చేత్తో తీసుకెళ్ళగలగాలి అని అందరికీ ఆశ. ఈ ఆశని పట్టుకుని రెండు కంపెనీలు రెండు దారుల్లో వెళ్ళాయి.

మొదటిది ఐయొమెగా. 1980లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో రాయ్ అనే ఊళ్ళో పుట్టింది. వీళ్ళ బెర్నూలీ బాక్సు పేరు వింటే ఇంజనీరింగు ఫస్టియర్ గుర్తుకురావాలి మీకు. డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన సూత్రమే: గాలి వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. వీళ్ళు ఫ్లాపీలాంటి మెత్తని బిళ్ళని ఓ గట్టి పలక పక్కన జోరుగా తిప్పారు. మధ్యలో గాలి వేగంగా కదిలి, పీడనం తగ్గి, బిళ్ళ పలకవైపుకీ, దాంట్లోని హెడ్డు దగ్గరికీ లాక్కోబడుతుంది. కరెంటు పోయినా, మధ్యలో దుమ్ము రేణువు దూరినా బిళ్ళ హెడ్డుకి దూరంగా జారిపోతుంది. అంటే హార్డ్ డిస్కుల్లోలాగా హెడ్డెళ్ళి బిళ్ళని గీకేసే ప్రమాదం దాదాపు లేదన్నమాట. పరీక్షలో నాలుగు మార్కుల కోసం బట్టీ కొట్టిన సూత్రం ఇలా డబ్బులు కూడా సంపాదిస్తుందని మనకెవరూ చెప్పలేదు :-)

రెండోది సైక్వెస్ట్. సయ్యద్ ఇఫ్తికార్ 1982 జనవరిలో కొందరితో కలిసి మొదలుపెట్టాడు. అంతకుముందు సీగేట్ వ్యవస్థాపకుల్లో ఆయనొకడు. కంపెనీ పేరులో "సై" అన్నది ఆయన పేరులోంచి వచ్చిందే. సైక్వెస్ట్ దారి సూటిగా ఉంటుంది: హార్డ్ డిస్కులోని గట్టి పళ్ళేన్నే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బయటికి తీసేలా చెయ్యడం. హెడ్లు మాత్రం డ్రైవులో ఉండిపోతాయి. వీళ్ళ 44 మెగాబైట్ల కార్ట్రిడ్జి 1980ల చివర్లో మెకింటాష్‌తో పుస్తకాలూ, ప్రకటనలూ తయారుచేసేవాళ్ళకి ఊపిరైపోయింది. డిజైనింగు చేసేచోటి నుంచి ప్రింటింగు ప్రెస్సుకి ఫైలు పంపాలంటే నెట్ లేదు, సీడీ రైటర్లు లేవు. ఈ కార్ట్రిడ్జిని సంచిలో వేసుకుని పట్టుకెళ్ళి ఇవ్వడమే. దాని తరవాత 88, 200, 105, 270 అంటూ కొత్త సైజులు వచ్చాయి. వీటిలో 105, 270 రకాలు మూడున్నర అంగుళాలవి, పాతవి ఐదుంబావు అంగుళాలవి. పాతది కొత్తదాంట్లో అసలు దూరనే దూరదు. ఈ రోజు సైక్వెస్ట్ కార్ట్రిడ్జి చేతిలో ఉన్నవాడు "ఓ సైక్వెస్ట్ డ్రైవు కావాలి" అంటే సరిపోదు. ఏ సైక్వెస్ట్ అన్నదే మొదటి ప్రశ్న.

1995లో ఐయొమెగా జిప్ డ్రైవుతో వచ్చింది. నీలం రంగు, అరచేతికి కాస్త పెద్దది, డ్రైవు 199 డాలర్లు, డిస్కు ఓ 20 డాలర్లు, ఒక్కో డిస్కులో 100 మెగాబైట్లు. 1.44 ఎంబీ ఫ్లాపీలు దాదాపు 68 పెడితే గానీ ఒక్క జిప్ డిస్కు కాదు. జనం ఎగబడ్డారు. 1996లో ఐయొమెగా షేరు కోసం జరిగిన హడావుడి అప్పటి స్టాకు మార్కెట్ కథల్లో ఒకటి. సైక్వెస్ట్ కూడా 1995లోనే ఈజెడ్135 అని పోటీకి దిగింది. దాని పనితీరు మెరుగే, కానీ ధరల యుద్ధంలో సైక్వెస్ట్ నలిగిపోయింది. 1998 నవంబరులో దివాలా. 1999లో దాని ఆస్తుల్ని కొన్నది ఎవరనుకున్నారు? ఐయొమెగానే. ఇఫ్తికార్ అప్పటికే క్యాజిల్‌వుడ్ అనే ఇంకో కంపెనీ పెట్టి ఆర్బ్ అనే 2.2 జీబీ డ్రైవు తెచ్చాడు, అదీ ఎక్కువ కాలం నిలవలేదు. ఓ మనిషి మూడు డ్రైవు కంపెనీలు పెట్టడంలో పాలుపంచుకుంటే రెండు పోయాయి. మిగిలింది సీగేట్. మీ ఆఫీసు సర్వర్లలో ఇప్పటికీ తిరుగుతుంటుంది చూడండి.

గెలిచిన జిప్‌కీ ఓ శాపం ఉంది. దాని పేరు క్లిక్ ఆఫ్ డెత్. డ్రైవులో డిస్కు పెడితే టిక్ టిక్ టిక్ మని ఆగకుండా కొట్టుకుంటుంది. హెడ్డు తనెక్కడుందో తెలుసుకోలేక వెనక్కెళ్ళి మళ్ళీ మొదలుపెట్టే చప్పుడది. స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామరు దీని వెంటపడి, డ్రైవుని పరీక్షించే ఓ ఉచిత ప్రోగ్రాం కూడా రాసిచ్చాడు. ఇందులో భయపడాల్సింది చప్పుడు కాదు, అంటువ్యాధి. హెడ్డు దెబ్బతిన్న డ్రైవు డిస్కు అంచుని చింపగలదు. అంచు చిరిగిన డిస్కుని మంచి డ్రైవులో పెడితే దాని హెడ్లు ఊడతాయి. ఆ డ్రైవు ఇంకో డిస్కుని పాడుచేస్తుంది. పాపం ఏమీ తెలియని మనిషి "డ్రైవు పాడైందేమో, పక్కింటివాళ్ళ దాంట్లో పెట్టి చూద్దాం" అని తనే ఊరంతా అంటిస్తాడు. హార్డ్‌వేర్‌లో వైరస్ అంటే ఇదే కదా! 1998లో అమెరికాలో వాడకందార్లంతా కలిసి దావా వేశారు, 2001లో రాజీ కుదిరింది. పీసీ వరల్డ్ పత్రిక 2006లో వేసిన చెత్త ఉత్పత్తుల లిస్టులో జిప్‌కి 15వ స్థానం ఇచ్చి, 2007లో వేసిన గొప్ప ఉత్పత్తుల లిస్టులో 23వ స్థానం ఇచ్చింది. రెండూ నిజమే అని నా అభిప్రాయం.

అంటే, ఒకటి దొరకకపోవడానికి కారణం కంపెనీ చచ్చిపోవడం. ఇంకోటి లక్షల్లో అమ్ముడైనా, ఏది ఆరోగ్యంగా ఉందో పెట్టి చూస్తే గానీ తెలియకపోవడం, పెట్టి చూడటమే ప్రమాదం కావడం. మూడో కారణం ఇంకా విచిత్రం: తయారుచేసినవాడే ఊరంతా తిరిగి వెనక్కి తీసేసుకోవడం.

1983 జనవరిలో యాపిల్ వాళ్ళు లీసా కంప్యూటరు విడుదల చేశారు. ధర 9,995 డాలర్లు. దాంట్లో రెండు ఫ్లాపీ డ్రైవులు, యాపిల్ సొంతంగా చేసుకున్నవి. అసలు పేరు ఫైల్‌వేర్ అయినా, 1960ల నాటి సన్నపాటి బ్రిటిష్ మోడల్ పేరు మీద అందరూ ట్విగ్గీ అన్నారు. ఒక్కో డిస్కులో 871 కిలోబైట్లు, ఆ రోజుల్లో చాలా ఎక్కువ. మామూలు డ్రైవులో రెండు హెడ్లు డిస్కుకి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటాయి. ట్విగ్గీలో ఒకటి ఇరుసుకి ఈ పక్క, ఇంకోటి ఆ పక్క. అందుకని డిస్కు కవరుకి కూడా రెండు కిటికీలు. అంటే బజార్లో దొరికే ఏ ఫ్లాపీ దీంట్లో పనికిరాదు. తీరా చూస్తే అది నమ్మకంగా పనిచెయ్యలేదు.

మెకింటాష్‌లో కూడా మొదట ఇదే పెట్టాలనుకున్నారు. ట్విగ్గీ పని అయిపోయిందని తెలిశాక కూడా స్టీవ్ జాబ్స్ సోనీ డ్రైవు వద్దు, వేరే కంపెనీతో మనమే చేయిద్దాం అన్నాడట. ఇంజనీర్లు ఆయనకి తెలియకుండా సోనీతో పని నడిపించారు. ఓ రోజు జాబ్స్ చెప్పకుండా వచ్చేస్తే, అక్కడున్న సోనీ ఇంజనీర్ని చీపుళ్ళూ బకెట్లూ పెట్టే గదిలో దాచేశారని మాక్ టీములో పనిచేసిన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ రాశాడు. మన సినిమాల్లో హీరోయిన్ తండ్రి రాగానే హీరో మంచం కింద దూరినట్టు! చివరికి 1984 జనవరిలో మాక్ బయటికొచ్చింది సోనీ మూడున్నర అంగుళాల డ్రైవుతోనే.

అదే నెలలో లీసా 2 కూడా సోనీ డ్రైవుతో వచ్చింది. పాత లీసా కొన్నవాళ్ళకి యాపిల్ ఓ మంచి పని చేసింది: మీ ట్విగ్గీలు తీసేసి కొత్త డ్రైవు ఉచితంగా పెట్టిస్తాం అంది. కొన్నవాడికి ఇది వరం. చాలామంది మార్పించుకున్నారు. ఆ రోజు ఎవరికైనా "ఓ రెండు దాచుకుందాం" అని ఎందుకు తోస్తుంది? పైగా 1989లో అమ్ముడవని దాదాపు 2,700 లీసాల్ని యూటాలోని లోగన్‌లో చెత్త పూడ్చేచోట పాతిపెట్టేశారు, పన్ను మినహాయింపు కోసం. ఈ రోజు ట్విగ్గీ డ్రైవులున్న అసలు లీసా కనపడితే అది మ్యూజియం సరుకు. ట్విగ్గీ పెట్టిన మెకింటాష్ నమూనాలైతే ఇంకా అరుదు. ఇద్దరు ఔత్సాహికులు అలాంటివి రెండింటిని బతికించి 2013లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో నడిపి చూపించారు. ఇక్కడ పాఠం ఏంటంటే, ఓ కంపెనీ నిజాయితీగా తన తప్పు దిద్దుకున్నా చరిత్రలో ఓ పేజీ చిరుగుతుంది. ఎవర్నీ తప్పుపట్టలేం.

నాలుగో కారణం మరీ మామూలుది, పదార్థం. ఆమ్‌స్ట్రాడ్ అనే బ్రిటిష్ కంపెనీ 1985 నుంచి తన సీపీసీ, పీసీడబ్ల్యూ కంప్యూటర్లలో మూడంగుళాల డిస్కులు వాడింది. మూడున్నర కాదు, సరిగ్గా మూడు. ఆ డ్రైవులో మోటారు నించి ఇరుసుకి ఓ రబ్బరు బెల్టు ఉంటుంది. నలభై ఏళ్ళకి ఆ బెల్టు సాగిపోతుంది, లేకపోతే నల్లటి తారులా కరిగి చక్రాలకి అంటుకుంటుంది. దాన్ని తుడిచి, సరైన కొలత బెల్టు వేస్తే చాలాసార్లు డ్రైవు లేచి కూర్చుంటుంది. కానీ బెల్టు బదులు ఏకంగా మూడున్నర అంగుళాల డ్రైవు తగిలిద్దామనుకునేవాళ్ళకి ఓ ఉచ్చు ఉంది. ఆమ్‌స్ట్రాడ్ పవర్ తీగల్లో 5 వోల్టులూ, 12 వోల్టులూ మామూలు డ్రైవులకి తిరగేసి ఉంటాయి. చూసుకోకుండా గుచ్చితే కొత్త డ్రైవు అక్కడికక్కడే స్వర్గస్తురాలు. అలాగే పాత మాకుల్లో ఫ్లాపీని బయటికి నెట్టే మోటారు దగ్గర ఓ చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది, అది పెళుసెక్కి పొడైపోతుంది. దీనికి మాత్రం దారి దొరికింది. ఎవరో కొలతలు తీసి, త్రీడీ ప్రింటర్ల మీద కొత్తవి చేసుకుంటున్నారు.

ఈ చివరి వాక్యం నాకు చాలా ఇష్టం. బెల్టూ, గేరూ మళ్ళీ చేసుకోవచ్చు, కానీ హెడ్డు చేసుకోలేం. ఇంట్లో కూర్చుని అయస్కాంతపు హెడ్డు తయారుచేసే త్రీడీ ప్రింటరు లేదు. అందుకే హెడ్డు కావాలంటే ఇంకో డ్రైవు చావాలి. వేటగాళ్ళ లోకంలో అసలు ధర్మసంకటం ఇక్కడే ఉంది. పనిచేస్తున్న డ్రైవుని కొని, విప్పి, భాగాలు తీసుకుంటే మీ డ్రైవు బతుకుతుంది, లెక్కలో ఒకటి తగ్గుతుంది. అలాగని విప్పకుండా అద్దాల బీరువాలో పెట్టుకునేవాడి డ్రైవు ఎవరి డిస్కునీ చదవదు. ఇక ఎస్‌డీ కార్డుతో పాత స్కజీ డ్రైవులా నటించే బోర్డులు ఇప్పుడు చాలానే వచ్చాయి. పాత కంప్యూటరు నడవడానికి అవి దేవుడిచ్చిన వరం. వాటివల్ల నిజమైన డ్రైవుల మీద ఒత్తిడి కూడా తగ్గింది. కానీ అవి పాత కార్ట్రిడ్జిలో ఉన్న ఒక్క బైటుని కూడా చదవలేవు. కంప్యూటర్ని బతికించడం వేరు, అందులో రాసుకున్నదాన్ని బతికించడం వేరు.

ఆ రెండోదాని విలువ తెలియాలంటే చంద్రుడి దాకా వెళ్ళాలి. 1966-67లో నాసా ఐదు లూనార్ ఆర్బిటర్లని పంపింది, అపోలో ఎక్కడ దిగాలో చూడటానికి. అవి పంపిన బొమ్మలు పెద్ద టేపుల మీద రికార్డయ్యాయి. అప్పట్లో జనం చూసినవి నాసిరకం కాపీలు, అసలు నాణ్యత టేపుల్లోనే ఉండిపోయింది. వాటిని చదవాలంటే ఆంపెక్స్ ఎఫ్ఆర్-900 అనే, ఫ్రిజ్జంత యంత్రం కావాలి. నాసాలో పనిచేసిన నాన్సీ ఎవాన్స్ అనే ఆవిడ ఆ టేపుల్ని పారేయనివ్వలేదు. ఎవరికీ అక్కర్లేని నాలుగు ఎఫ్ఆర్-900 యంత్రాల్ని కూడా సంపాదించి ఏళ్ళ తరబడి తన సొంత జాగాలో దాచింది. చివరికి 2000ల రెండో సగంలో డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ అనే ఇద్దరు ముందుకొచ్చారు. దాదాపు 1,500 టేపులు. నాసా ఏమ్స్ కేంద్రం ఆవరణలో మూతపడ్డ ఓ మెక్‌డొనాల్డ్స్ హోటల్లో దుకాణం పెట్టారు. నాలుగు యంత్రాల భాగాలు కలిపి ఒకదాన్ని నడిపించడం, ఆ కాలపు ఇంజనీర్లని వెతికి పట్టుకోవడం, అరిగిన హెడ్లు బాగుచేయించడం.. అచ్చం జిప్ డ్రైవు వేటే, కాకపోతే సైజు పెద్దది. 1966 ఆగస్టు 23న తీసిన, చంద్రుడి అంచు మీదుగా భూమి కనపడే బొమ్మని 2008 నవంబరులో మళ్ళీ విడుదల చేశారు. అంత స్పష్టంగా దాన్ని అంతకుముందు లోకం చూడలేదు. నాన్సీ ఎవాన్స్ ఆ టేపులొక్కటే దాచి, యంత్రాల్ని తుక్కుకి పోనిచ్చి ఉంటే? టేపులుండేవి, బొమ్మలుండేవి కాదు.

ఇప్పుడు నా కథ. మా మావయ్య 2000 ప్రాంతంలో విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ సెంటరు నడిపేవాడు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ పుస్తకాలు. దివిసీమలో ఓ తెలుగు మాస్టారు ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళు తిరిగి ఊడ్పు పాటలూ, దంపుళ్ళ పాటలూ, లాలిపాటలూ సేకరించి ఆయన దగ్గర టైపు చేయించారు. ప్రూఫులయ్యాయి, డబ్బులు సమకూరక అచ్చవలేదు. మాస్టారు పోయారు. రాతప్రతి చెదలపాలైంది. మిగిలింది మావయ్య దగ్గర ఏడు జిప్ డిస్కులు. డ్రైవు ఎప్పుడో షాపు ఖాళీ చేసినప్పుడు తుక్కులో పోయింది. మాస్టారి అమ్మాయి మూడేళ్ళ క్రితం మావయ్యకి ఫోన్ చేసి "నాన్నగారి పాటలు ఏమైనా ఉన్నాయాండీ" అని అడిగింది. మావయ్య నాకు చేశాడు. "నువ్వు కంప్యూటర్లే కదరా చదివావు" అని. ఈ మాటకి సమాధానం చెప్పగలిగిన ఇంజనీరు ఇంకా పుట్టలేదు కదా.

సికింద్రాబాద్ సీటీసీలో అడిగితే కుర్రాడు "జిప్పా? విన్‌జిప్ డౌన్‌లోడ్ చేస్కో అన్నా, ఫ్రీయే" అన్నాడు. జుమ్మేరాత్ బజార్లోనూ, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ పాత సీడీ డ్రైవులు కుప్పలుగా ఉన్నాయి, జిప్ లేదు. మన దగ్గర పాత సామాను కిలోల లెక్కన పోతుంది. బోర్డుల్లోంచి రాగీ బంగారం తీసేవాడికి ఏ డ్రైవైనా ఒకటే. ఆన్‌లైన్‌లో ఒకాయన "పారలల్ పోర్టు జిప్, పక్కా వర్కింగ్" అని అమ్మాడు. విప్పి చూస్తే వెనకాల ఐడీ 5, 6 అని మీట ఉంది. అంటే అది స్కజీ మోడల్. బయటికి రెండూ ఒకే నీలం డబ్బా, రెండిటికీ ఒకేలాంటి 25 పిన్నుల సాకెట్టు, కానీ ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. పైగా 5 వోల్టుల ఎడాప్టర్ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి డల్లాస్‌లో ఉన్న నా ఇంజనీరింగు రూమ్మేటు ఓ యూఎస్‌బీ జిప్ సంపాదించి సెలవులకొస్తూ సూట్‌కేసులో తెచ్చాడు. ఎప్పుడూ ఇటునించి అటు ఆవకాయ వెళ్తుంది, మొదటిసారి అటునించి ఇటు ఓ ఉపయోగపడే వస్తువొచ్చింది.

పైన చెప్పిన చరిత్రంతా నాకు పనికొచ్చింది ఇక్కడే. ముందు ఏమీ లేని ఓ డిస్కు పెట్టి డ్రైవుని పరీక్షించాను. తరవాత ఒక్కో డిస్కు తలుపు జరిపి, టార్చి వేసి అంచులు చూశాను. ఆరు బావున్నాయి. లైనక్స్‌లో ఒక్కోదానికీ మొత్తం ఇమేజి తీశాను. ఒక్కోటీ సరిగ్గా 100,663,296 బైట్లు. పార్టిషను నాలుగో నంబరులో ఉంటుంది, జిప్ డిస్కుల అలవాటది. ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్‌వి, అక్షరాలేమో యూనికోడ్ కాని పాత ఫాంటువి. అంటే రెండో తాళం. కానీ అది సాఫ్ట్‌వేర్ తాళం, నా చేతిలో పని. పాత విండోస్‌ని వర్చువల్ మెషీన్‌లో పెట్టి తెరిచి, యూనికోడ్‌కి మార్చి, వత్తులు ఎగిరిపోయిన చోట్ల మావయ్యతో కూర్చుని సరిచేశాం. నూట చిల్లర పాటలు వచ్చాయి. ఒక్కో పాట కింద పాడినావిడ పేరూ, ఊరూ, ఏ పని చేస్తూ పాడిందో మాస్టారు రాసుకున్నారు. ఆ పాడినవాళ్ళలో ఇప్పుడెవరూ లేరని ఆయన కూతురు చెప్పింది.

ఏడో డిస్కు అంచు ఓ చోట చిరిగి ఉంది. దాన్ని డ్రైవులో పెట్టలేదు. లాలిపాటలు అందులోనే ఉండాలి, మిగతా ఆరింట్లో లేవు కాబట్టి. అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. పాడైపోయినా ఫరవాలేదనుకునే ఇంకో డ్రైవు కోసం చూస్తున్నాను. వేట అయిపోలేదన్నమాట.

ఇదంతా విని మా టీములో ఓ కుర్రాడు "ఇప్పుడా బాధ లేదుగా, అంతా క్లౌడే" అన్నాడు. నాకు అక్కడే భయం. సైక్వెస్ట్ 1998లో మూతపడింది. కార్ట్రిడ్జిలు మాత్రం జనం ఇళ్ళలోనే ఉన్నాయి. డ్రైవు దొరికితే ఇవాళైనా చదవొచ్చు. ఆర్కుట్ 2014లో మూతపడింది. మనలో ఎంతమంది అక్కడ రాసుకున్న స్క్రాపులు తీసి దాచుకున్నాం? ఇప్పుడు వాటికోసం ఏ సంతలో ఏ విడిభాగం వెతకాలి? కంపెనీ చచ్చినా మిగిలేది డిస్కు. కంపెనీతోపాటే పోయేది క్లౌడు. వేటాడటానికి కూడా ఏమీ మిగలని పరిస్థితిని మనం ప్రగతి అంటున్నాం. క్లౌడు వద్దనటం లేదు, నా జీతమే దానిమీద నడుస్తోంది. మన దగ్గర ఓ కాపీ ఉండాలి, అది మామూలు ఫార్మాట్‌లో ఉండాలి అంటున్నానంతే.

కాబట్టి ఈ సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద నీలం డబ్బాలూ, పేరు తెలియని కార్ట్రిడ్జిలూ కనపడితే తుక్కువాడికి వెయ్యకండి. డ్రైవు కనపడితే దాని ఎడాప్టరూ, కేబులూ కలిపి ఒకే సంచిలో కట్టి, మీద మోడల్ పేరు రాసి పెట్టండి. డిస్కులు కనపడితే ఊరికే ఏదో డ్రైవులో పెట్టి చూడకండి, ముందు అంచు చూడండి. మీకు పనికిరాని ఆ పాత డ్రైవు, ఎక్కడో ఎవరి దగ్గరో ఉన్న డిస్కుకి మిగిలిన ఒక్క కన్ను కావచ్చు.